అరుగుమీది తీర్పులు

మధ్యాహ్నభోజనములై, వంటయిల్లు కడిగి, ముంగిటి యరుగుమీద ఒక్క గడియ నడుము వాల్చు వేళ మన స్త్రీలు ఆడుకొను మాటలకు పురుషులు పెట్టిన పేరు ఊసుపోని కబుర్లు. ఏ నటుడు మనుమలను ఎత్తుకొను ప్రాయమున జుట్టునకు రంగు వేసికొని గంతులు వేయుచున్నాడో, ఏ మంత్రి నిన్న నొక మాట నేడొక మాట చెప్పెనో, ఏ ధారావాహికలో కోడలిని ఎన్ని వారములనుండి యేడిపించుచున్నారో, ఇవియే యా కబుర్లు. వీనికి విలువ లేదని చెప్పువారు చదువుకొన్నవారు. కాని సోదరీమణులారా, నలుబది యేండ్లకు పైగా ఆ యరుగుమీద కూర్చున్నదానను నేను. అక్కడ పుట్టిన తీర్పులు కొన్ని ప్రభుత్వములు మారుటకు తోడ్పడినవి. మరికొన్ని మా యింటనే ఒక పిల్ల నోరు నొక్కినవి. రెంటిని గూర్చియు దాచక చెప్పవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా యత్తవారిది గుడివాడకు చేరువనున్న యొక పల్లె. 1979 లో నేను కాపురమునకు వచ్చునాటికే మా యత్తగారి పూజాపీఠము ప్రక్కను ఒక క్యాలెండరు వ్రేలాడుచుండెను. అందలి తేదీలు ఎన్నడో గతించినవి. బొమ్మ మాత్రము కదలలేదు. నెమలిపింఛము, చిరునవ్వు, పీతాంబరము. ముఖము నందమూరి తారకరామారావుగారిది. 1957 లో ‘మాయాబజారు’ వచ్చినప్పుడు ఎడ్లబండి కట్టించుకొని పోయి చూచి, తెల్లవారుజామున నిల్లు చేరిన కథను అత్తగారు నాకు ఎన్నిమార్లు చెప్పిరో లెక్క లేదు. “కృష్ణుడికి ఈయన తప్ప ఇంకొకరు పనికిరారే, అమ్మాయీ” అనునది ఆమె తీర్పు. దానిపై అప్పీలు లేదు. ఆ కాలమున తిరుపతి యాత్రకు పోయిన మనవారు బస్సులలో మదరాసుదాక పోయి ఆయన యింటి ముంగిట నిలిచి, దర్శనము చేసికొని వచ్చెడివారు. మా యత్తగారికి ఆ కోరిక తీరలేదు. మామగారు చిల్లర లేదనిరి.

1982 మార్చి 29 వ తేదీన ఆయన తెలుగుదేశము పార్టీని స్థాపించిరి. మరుసటి యెన్నికలకు తొమ్మిది నెలలు. చైతన్యరథమని పేరు పెట్టిన మోటారువాహనమెక్కి, ఖాకీ దుస్తులు తొడిగి, ఊరూరు తిరుగనారంభించిరి. మా రోడ్డున వచ్చుచున్నారని సాయంకాలము చెప్పిరి. వచ్చుటకు నడిరేయి దాటినది. అత్తగారు హారతిపళ్లెములో కర్పూరము మూడుసార్లు మార్చి, నిద్రపోవు పిల్లలను చంకనెత్తుకొని, రోడ్డుప్రక్కనే నిలిచిరి. తిరిగి వచ్చునప్పుడు ఏమో పరవశముతో మాటలాడుదురని నేననుకొంటిని. ఆమె పొలముగట్టున చాలసేపు మౌనముగా నడచి, తరువాత నిట్లనిరి: “ఎండకి మాడి నల్లబడ్డాడే. దేవుడిలా లేడు. మా బాబాయిలా ఉన్నాడు. వేద్దాం.”

ఆ మాట నేను మరువలేదు. 1983 జనవరిలో ఎన్నికలు జరిగినవి. 294 స్థానములలో రెండువందలకు పైబడి ఆయన పక్షమునకే దక్కినవి. జనవరి 9 న హైదరాబాదులోని లాల్ బహదూరు మైదానమున ప్రమాణస్వీకారము. వెంటనే పట్టణములలోని మేధావులు కలములు పట్టిరి. ఆంధ్రస్త్రీలు వేషమును చూచి మోసపోయిరనియు, కిరీటమునకు వోటు వేసిరనియు వారి సిద్ధాంతము. అత్తగారికి ఆ వ్యాసమొకటి చదివి వినిపించితిని. ఆమె తమలపాకునకు సున్నము వ్రాయుచు, “కిరీటం చూసి వేసేదాన్నైతే పాతికేళ్ల క్రితమే వేసేదాన్ని. అప్పుడు నిలబడలేదుగా?” అని తమ పనిలో తాము మునిగిరి.

వోటు వేసిన పిమ్మట ఆమె తీర్పులు ఆగలేదు. కిలో బియ్యము 2 రూపాయలకు వచ్చినది. అది మంచి పని యనిరి. 1983 లోనే తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళావిశ్వవిద్యాలయము వెలసినది. “ఆడపిల్లలకి అంత దూరమా” అని మొదట సణిగి, పొరుగింటి పిల్లకు సీటు వచ్చినప్పుడు తామే అరిసెలు వండి పంపిరి. కూతుండ్రకు తండ్రి యాస్తిలో కొడుకులతో సమానభాగము నిచ్చు చట్టమును 1986 లో చేసిరి. అది 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించునట్టును, ఆ తేదీకి పెండ్లి కాని కూతుండ్రకు మాత్రమే చెందునట్టును వ్రాసిరి. మా యాడబిడ్డ పెండ్లి 1985 మే నెలలో జరిగినది! ఆమె పుట్టింటికి వచ్చినప్పుడెల్లను, “నాలుగు నెలలు ఆగితే మీ సొమ్మేం పోయింది, అమ్మా?” అనెడిది. అత్తగారు నవ్వెడివారు గాని, ఆ నవ్వు వెనుక కొంత జంకు కలదు. ఇరువురు కొడుకుల తల్లి గదా. అరుగుమీద మాత్రము “చట్టం మంచిదే, మా ఇంట్లో చెప్పకండి” అని యొప్పుకొనిరి. పెండ్లి యైన కూతుండ్రకు ఆ యడ్డు తొలగుటకు 2005 నాటి కేంద్రచట్టము రావలసివచ్చినది.

సారాయి విషయమున అత్తగారి మాట మారినది. పల్లెపల్లెకు పాకెట్టు సారాయి చేరినది. రెండు రూపాయల బియ్యమున మిగిలిన కూలిడబ్బు సాయంకాలమునకు దుకాణము పాలగుచుండెను. మా పాలేరు భార్య అరుగు దిగువను కూర్చుండి చెప్పిన లెక్కలను అత్తగారు వ్రేళ్లమీద నెంచిరి. 1989 లో ఆయన పక్షమోడినది. రెండు చోట్ల నిలిచిన ఆయన హిందూపురమున గెలిచి కల్వకుర్తిలో ఓడిరి. అత్తగారు ఆ యేడు వోటు ఎవ్వరికి వేసిరో నాకు చెప్పలేదు. క్యాలెండరును చూపి, “మరి దీన్ని తీసేద్దామా, అత్తయ్యా?” అని కొంటెగా నడిగితిని. “బొమ్మ బొమ్మే, వోటు వోటే. దాని జోలికి వెళ్లకు” అనిరి.

ఈ యొక్క మాటను మేధావులు గ్రహింపలేదని నా యభిప్రాయము. 1992 లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు, రాత్రిబడిలో నాలుగక్షరములు నేర్చినవారు, సారాయి దుకాణమును మూయించిరి. రోశమ్మగారి పేరు దేశమంతయు వినబడెను. 1993 అక్టోబరునుండి రాష్ట్రమంతట సారాయి నిషిద్ధమైనది. 1994 డిసెంబరులో తారకరామారావుగారు మరల గెలిచి, సంపూర్ణ మద్యనిషేధమునకు పూనుకొనిరి. వోటు తిరిగి వచ్చినది కిరీటము కొరకు కాదు. మరుసటి యేడాది ఆగస్టులో ఆయన పదవి పోయినది. 1996 జనవరి 18 న ప్రాణము పోయినది. ఆనాడు మా యింట పొయ్యి వెలుగలేదు. మద్యనిషేధమును 1997 లో సడలించిరి. అప్పుడు అత్తగారు, “పోయినవాళ్లతో పోయింది” అని యూరకుండిరి.

తారలు రాజకీయమునకు వచ్చుట ఆయనతో మొదలు కాలేదు. మన జగ్గయ్యగారు 1967 లోనే ఒంగోలునుండి లోకసభకు పోయిరి. ప్రక్క తమిళదేశమున యం. జి. రామచంద్రన్‌గారు 1977 నుండి ముఖ్యమంత్రిగా నుండిరి. జమునగారిని 1989 లో రాజమహేంద్రవరము లోకసభకు పంపి, 1991 లో పంపలేదు. ఉత్తరదేశమున అమితాబ్ బచ్చనుగారు 1984 లో అలహాబాదున మహామహుని ఓడించి, 1987 లో రాజీనామా యిచ్చి వచ్చిరి. ఇక చిరంజీవిగారు 2008 ఆగస్టులో తిరుపతిలో ప్రజారాజ్యమును స్థాపించినప్పుడు వచ్చిన జనమును చూచి మా యింటి మగవారందరు ప్రభుత్వము మారినదనిరి. అత్తగారు మంచముమీదనుండి, “చూడ్డానికి వచ్చేవాళ్లు వేరు, వేసేవాళ్లు వేరు” అనిరి. 2009 లో ఆ పక్షమునకు 18 స్థానములు వచ్చినవి. తిరుపతిలో గెలిచిన చిరంజీవిగారు, స్వస్థలమునకు దగ్గరిదైన పాలకొల్లులో ఒక స్త్రీ చేతిలో ఓడిరి. అదే సంవత్సరము శీతకాలమున అత్తగారు వెళ్లిపోయిరి. ఆయన తమ్ముడు పవన్ కల్యాణ్‌గారు 2019 లో నిలిచిన రెండు చోట్లను ఓడి, 2024 లో పిఠాపురమున గెలిచి, ఆ జూనులో ఉపముఖ్యమంత్రి యగుటను ఆమె చూడలేదు. చూచియున్న ఏమనెడివారో యని యరుగుమీద మేము ఇప్పటికిని వాదులాడుకొందుము.

ఇంక టెలివిజను సంగతి. హైదరాబాదున దూరదర్శన కేంద్రము 1977 లో వెలసినను, మా పల్లెకు బొమ్మ చేరుటకు పదియేండ్లు పట్టినది. 1987 లో రైసుమిల్లు యజమాని యింటి కప్పుమీద ఏంటెనా లేచినది. ఆ జనవరినుండి మరుసటి యేడు జూలైదాక ఆదివారము ఉదయమున హిందీ రామాయణము. మా యత్తగారికి హిందీ ఒక్క ముక్క రాదు. రామకథకు భాష యేల? స్నానము చేసి, పువ్వు చేతబట్టి, మిల్లువారి వసారాలో ముందు వరుసను కూర్చుండెడివారు. పెట్టెకు దండ వేసిన యిండ్లును కలవు. ఆమె మాత్రము దండ వేయలేదు. ‘లవకుశ’ లోని అంజలీదేవిగారితో పోల్చి ఆ సీతకు మార్కులు వేసెడివారు. “పిల్ల బాగానే ఉంది. ఏడుపులో మన అంజలీదేవి వేరు.” 1991 ఎన్నికలలో ఆ సీత వేషధారిణి దీపికాచిఖలియాగారు బరోడాలోను, రావణవేషధారి అరవింద్ త్రివేదిగారు సాబర్‌కాంఠాలోను ఒకే పక్షమున నిలిచి గెలిచిరని పత్రికలో చదివి చెప్పితిని. అత్తగారు నోరు తెరచి, “సీతా రావణుడూ ఒకే పార్టీయా?” అని యడిగి, అరగంటసేపు నవ్విరి.

పెట్టె వచ్చినతరువాత అరుగు రూపు మారినది. వెనుక నొకరి ముఖము నొకరు చూచి మాటలాడితిమి. ఇప్పుడు అందరమును ఒకే ప్రక్కకు తిరిగి మాటలాడుచున్నాము. దూరదర్శనపు ధారావాహికలు పోయి, 1995 నుండి ఈటీవీ, జెమినీ మొదలగు ప్రైవేటు ఛానళ్లు వచ్చినవి. ‘మొగలిరేకులు’ 2008 నుండి అయిదేండ్లు నడచినది. ఆ యరగంటలో చుట్టము వచ్చినను మంచినీళ్లు ఆలస్యమగుచుండెను.

వేషమునకును మనిషికిని గల భేదము అత్తగారి తరమువారు పెద్దవిషయములలో చక్కగా నెఱిగి, చిన్నవిషయములలో మరచెడివారు. సూర్యకాంతముగారిని చూడుడు. గయ్యాళి యత్తగా ఆమెకు సాటి లేదు. ఆ పేరును ఆడపిల్లలకు పెట్టుటకే జనులు జంకిరని చెప్పుకొందురు. తోటి నటులందరు ఆమెను దయగల తల్లిగా తలచుకొనిరి. మా వీధి పిల్ల యొకతె హైదరాబాదు పోయి ధారావాహికలో దుష్టురాలైన తోడికోడలి వేషము వేసినది. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు, గుడిలో ఒక పెద్దావిడ ఆ పిల్లను నిలవేసి, “పాపం ఆ పెద్దకోడలికి విషం కలపడానికి నీకు చేతులెలా వచ్చాయే?” అని యడిగినది. పిల్ల నవ్వి పాదములకు మ్రొక్కినది. అది నవ్వుకొను కథయే. కాని మరునాడు బొమ్మలపేరంటమునకు ఆ పిల్లను పిలుచుటయా, మానుటయా యని మాలో నలుగురు గుసగుసలాడుకొంటిమి. కారణము వేషము కాదు. రాత్రులు షూటింగులకు పోవుచున్నదని. ఆ నలుగురిలో నేనొకతెను. పిలువలేదు.

ఇక్కడినుండి మా తీర్పులు నాకు వెగటు పుట్టించును. రాజకీయనాయకుని బియ్యముతోను సారాయితోను తూచిన ఆ నాలుకలే నటీమణులను తూచునప్పుడు తక్కెడను మార్చును. కథానాయకునకు అరువది యేండ్లు నిండి, కూతురి యీడు పిల్లతో పాడుచున్నచో “ఈ వయసులో కూడా ఎంత చలాకీ!” అందుము. నటి పెండ్లాడి బిడ్డను కని మరల తెరమీదికి వచ్చినచో “ఇంకా ఎందుకమ్మా ఈవిడకి?” అందుము. సావిత్రిగారు నెలల తరబడి స్మృతి లేక పడియుండి 1981 డిసెంబరు 26 న మరణించిరి. ఆ దినములలో మా యరుగుమీద ఆమె త్రాగుడు, అప్పులు, పెండ్లి తప్ప వేరు మాట లేదు. 1968 లో ‘చిన్నారి పాపలు’ చిత్రమునకు ఆమె దర్శకత్వము వహించెనన్న మాట ఒక్కరమును ఎత్తలేదు. ముప్పది యేడేండ్లకు, 2018 లో ‘మహానటి’ వచ్చినప్పుడు అదే యరుగువారము చేతిరుమాళ్లు తడిపికొని వచ్చితిమి.

ఆ 2018 లోనే ఫిబ్రవరి 24 రాత్రి శ్రీదేవిగారు దుబాయిలో ఒక హోటలు స్నానపుగదిలో మరణించిరి. దేహము స్వదేశమునకు బయలుదేరుటకు మూడు దినములు పట్టినది. ఆ మూడు దినములు ఛానళ్లు ఏమేమి చూపెనో మీరెఱుగుదురు. నీటితొట్టి బొమ్మలు, బాణపుగుర్తులు. ఒక తెలుగు ఛానలు విలేఖరి తానే తొట్టిలో పండుకొని చూపెను! ప్రమాదవశమున నీట మునిగి మరణించినదని దుబాయి యధికారులు చెప్పి విచారణను ముగించిరి. ఛానళ్లను దూషించుట సులభము. కాని చూచినదెవరు? మా యింట ఆ పెట్టె కట్టలేదు. అంతకుమించి, ఫోనులోని మా చుట్టముల గుంపునకు “డబ్బున్నవాళ్ల చావుల వెనక చాలా ఉంటాయి” అని నేనే వ్రాసితిని. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ ని 1990 వేసవిలో మూడుసార్లు చూచి ఆమెవలె జడ వేసికొన యత్నించినదానను. ఏ యాధారమున వ్రాసితిని? ఏదియు లేదు. చేయి యూరకుండలేదు, అంతే.

చెప్పవలసినదానిని ఇంక తప్పింపను. కొన్ని యేండ్ల క్రిందట దసరాకు మా యక్క కూతురు మా యింటికి వచ్చి పదిదినములుండెను. ఉద్యోగస్థురాలు, పెండ్లియై మూడేండ్లు. ఆ దినములలోనే ప్రసిద్ధులైన తారాదంపతులు విడిపోయిరని వార్త. పేరులు వ్రాయను; వారి గొడవ వారిది. సాయంకాలము అయిదుగురము కూర్చుండి, ఉల్లిపాయలు తరుగుచు, ఆ నటిని ముక్కలు చేసితిమి. తప్పు ఆమెదేనని యెవరు నిర్ణయించిరో గాని, అందరమును నిర్ణయించితిమి. “సినిమా వాళ్ల కాపురాలంతే. సర్దుకుపోవడం తెలియని ఆడది ఏ మగాడితోనూ ఉండలేదు” అని ముగింపు మాట పలికినది నేను. పిల్ల లోపల బట్టలు మడత పెట్టుచుండెను. పదియవనాడు బస్సెక్కునప్పుడు నా చేయి రెండుమార్లు పట్టుకొని వదలినది. ఏమమ్మా యంటిని. ఏమీ లేదనెను.

ఆరు నెలలకు నిజము తెలిసినది. అల్లుడు చేయి చేసికొనుచుండెను. ఆ పదిదినములు ఆమె వచ్చినది పండుగకు కాదు, నాకు చెప్పుకొనుటకు. తల్లి గుండెజబ్బు మనిషి, పెద్దదిక్కు నేనే. ఆసుపత్రిలో ఎడమచేతికి పిండికట్టుతో నున్న ఆమె ప్రక్కను కూర్చుండి, “ముందే ఎందుకు చెప్పలేదే?” అని యేడ్చితిని. ఆమె నన్ను నొప్పింపవలెనని కాక, జరిగినది జరిగినట్లే చెప్పినది: “చెబుదామనే వచ్చాను, పిన్నీ. ఆవిడ గురించి నువ్వన్న మాట విన్నాక, నన్నూ అదే అంటావనిపించింది.”

ఆ నటి మా మాటలను వినలేదు, వినబోదు. విన్నది ప్రక్కగదిలోని పిల్ల.

తరువాత కోర్టు, వకీలు, రెండేండ్ల తిరుగుడు. ఆ కథ ఆమెది. ఆమె యనుమతించినంతవరకే వ్రాసితిని. మా యరుగు మూతపడలేదు. మూయవలెనని నేను చెప్పను. అత్తగారి తీర్పులు పుట్టిన చోటది. రేషను, పింఛను, గ్యాసుబండ ధర, మంత్రుల మాటలు, అన్నియు ఇప్పటికిని అక్కడ తూకమునకు వచ్చును. ఒక్క మార్పు మాత్రము తనంత తాను వచ్చినది. ఎవ్వరైన నొక నటి కాపురమును గూర్చి యెత్తినచో, మా తోడికోడలు నా వంక చూచును. నేను లేచి కాఫీ పెట్టుటకు పోవుదును. వచ్చునప్పటికి మాట మారియుండును.

ధారావాహికలో తోడికోడలి వేషము వేసిన పిల్లకు పోయిన సంక్రాంతికి నేనే పోయి బొట్టు పెట్టి పేరంటమునకు పిలిచితిని. పండ్రెండేండ్లు ఆలస్యమని ఆమె తల్లి ముఖముమీదనే అనెను. అనవలసినదే. పిల్ల వచ్చినది. ఇప్పుడు అత్తగారి వేషములు వేయుచున్నదట.

మా యక్క కూతురు విజయవాడలో ఉద్యోగము చేయుచు నెలకొక యాదివారము మా యింటికి వచ్చును. పెట్టె యెదుట కాళ్లు బార చాపి కూర్చుండి, తెరమీది భర్త కోడలిని కసరిన వెంటనే మా యందరికంటె గట్టిగా, “లేచి బయటికి నడవవే, మొద్దూ!” అని కేకవేయును.